నలభై నిమిషాల సంచి

వెలుగు, 1వ రోజు

ఈరోజు పదకొండు సంచులు చూశాను. అన్నీ బాగున్నాయి.

సూర్యుడు వచ్చాడు కాబట్టి కరెంటుకు లోటు లేదు. చంద్రుడి మీద పగలు పద్నాలుగు రోజులు, అన్ని రోజులూ ఆపరేషన్లు జరుగుతాయి. ఆ తరువాతి పద్నాలుగు రోజుల చీకటిలో ఆపరేషన్ గది తెరవరు. బ్యాటరీలలో ఉన్నదంతా గాలికీ మొక్కలకూ కావాలి. అందుకని వెలుగు మొదలైన రోజున పరికరాల గదిలో పని ఎక్కువ. నాకది ఇష్టం. గదిలో నేనొక్కదాన్నే ఉంటాను. ఎవరైనా వచ్చినా కిటికీలోంచి ట్రే అందుకుని వెళ్ళిపోతారు.

సంచి నా అరచేతి కంటే కొంచెం పెద్దది. పట్టుగుడ్డను కుట్టి, దాని మీద పట్టు జిగురు పూసి చేస్తారు. మూతికి సన్నని తీగ, ఒక తాడు ఉంటాయి. చుట్ట చుట్టి గొట్టంలో పెట్టి ఇస్తే, డాక్టరుగారు దాన్ని బొడ్డు దగ్గరి చిన్న రంధ్రంలోంచి పొట్టలోకి పంపుతారు. లోపల అది విచ్చుకుంటుంది. కోసిన ముక్కను అందులో వేసి తాడు లాగితే మూతి బిగుస్తుంది. ముక్క గానీ, ముక్కలోని నీరు గానీ పొట్టలో ఎక్కడా తగలకుండా బయటికి వస్తుంది. పెద్ద కోత అక్కర్లేదు.

ఇదివరకు ఇవి ప్లాస్టిక్‌వి, భూమి నుంచి వచ్చేవి. అంతరిక్ష ఓడలో బరువు తగ్గించవలసి వచ్చినప్పుడు వాటిని ఆపేశారు. ప్లాస్టిక్ చెయ్యడానికి చంద్రుడి మీద నూనె బావులు లేవు, మల్బరీ మాత్రం దీపాల కింద బాగానే పెరుగుతోంది. అందుకని మూడేళ్ళుగా మా ఊరు బిలంపాడుకు కావలసిన సంచులన్నీ నాంచారమ్మత్త నేస్తోంది.

నా పని పరీక్ష. సంచిలో నీళ్ళు నింపి, కింద అద్దుడు కాగితం పరచి, ఒక నిమిషం వేలాడదీస్తాను. కాగితం పొడిగా ఉంటే సంచి పనికొస్తుంది. ఆ ఒక్క నిమిషంలో నేను అర పేజీ చదువుతాను. ఈరోజు ఐదున్నర పేజీలు చదివాను.

3వ రోజు

సొరంగాలు తవ్వే బుచ్చిబాబుకు పిత్తాశయం తీశారు. రాళ్ళున్నాయి. ఆపరేషన్ బాగా జరిగింది. తరువాత డాక్టర్ జుబేదా గారు వాడిన సంచిని పట్టుకుని స్వయంగా నా కిటికీ దగ్గరకు వచ్చారు. అలా ఎప్పుడూ రారు.

"ఫిలో, ఇదేంటో చూడమ్మా."

సంచి అడుగున, కుట్టు వెంబడి, బయటివైపు ఆకుపచ్చని చెమ్మ ఉంది. పిత్తాశయంలోని పసరు. సంచి లోపల ఉండాల్సింది.

"పరీక్ష చేశావా దీన్ని?"

"చేశానండి. నిమిషం."

"కాగితం?"

"పొడిగానే ఉంది."

ఆవిడ సంచిని దీపానికి ఎదురుగా పట్టి చూశారు. "బుచ్చిబాబుకు ఫరవాలేదులే. లోపల శుభ్రంగా కడిగాను. పసరు కాబట్టి సరిపోయింది" అని వెళ్ళిపోయారు. పసరు కాకపోతే ఏమిటో చెప్పలేదు. చెప్పనవసరం లేదు. కొన్ని గడ్డల నీటిబొట్టు పొట్టలో పడితే, పడిన చోట మళ్ళీ మొలుస్తుంది.

మిగిలిన పది సంచులనూ మళ్ళీ పరీక్షించాను. పదీ పొడిగా ఉన్నాయి. ఈసారి చదవలేదు.

5వ రోజు

సిస్టర్ క్లారిస్‌ను ఆస్పత్రిలో చేర్చారు.

సిస్టర్ మా బడి పెద్ద. బడి అంటే రెండు గదులు, ఒక పుస్తకాల బీరువా. నాకు అక్షరాలూ ఆవిడే నేర్పారు, సైన్సూ ఆవిడే. అచ్చు పుస్తకాలు ఊరు మొత్తానికి నలభై ఒకటి ఉంటే, తాళం వేయకుండా నాకు వదిలేసిన మనిషి కూడా ఆవిడే. నాకు అమ్మానాన్నలు ఉన్నారు, మంచివాళ్ళు. అయినా ఎవరైనా "నిన్ను పెంచిందెవరు" అని అడిగితే ఒక క్షణం ఆలోచిస్తాను.

మంచం మీద కూర్చుని కాపీ పుస్తకాలు దిద్దుతున్నారు.

"అండాశయంలో గడ్డట. బత్తాయి అంత ఉందట" అన్నారు. "నాకు డెబ్బై ఏళ్ళు, ఇక్కడే పుట్టాను. బత్తాయిని చూసిందెవరు? డాక్టరు కూడా చూడలేదు. అడిగితే అరచెయ్యి ఇలా ముడిచి చూపించింది."

"నొప్పిగా ఉందా సిస్టర్?"

"ఈ పిల్లవాడి దస్తూరీ కంటే తక్కువే."

బయటికి వచ్చాక డాక్టరుగారు మిగతాది చెప్పారు. గడ్డ మంచిది కాకపోవచ్చు. అయితే చుట్టూ ఉన్న గోడ ఇంకా ఎక్కడా పగల్లేదు. చెదరకుండా బయటికి తీస్తే పని అయిపోయినట్టే. పెద్ద కోత పెట్టి తీయడానికి వీల్లేదు. సిస్టర్ వయసులో ఉండగా దుమ్ము ఆపే మాస్కులు ఇప్పటిలా ఉండేవి కావు. ఆవిడ ఊపిరితిత్తుల్లో చంద్రుడి దుమ్ము పేరుకుపోయింది. పొట్ట అంతా కోస్తే, ఆ నొప్పితో లోతుగా ఊపిరి తీసుకోలేరు.

"అంటే చిన్న రంధ్రం, నీ సంచి. అంతే" అన్నారు డాక్టరుగారు. "చీకటి దాటేదాకా ఆగుదామా అంటే గడ్డ ఆగదు. ఈ వెలుగులోనే చెయ్యాలి. పద్నాలుగో రోజు వరకు చూస్తాను. బుచ్చిబాబు పొట్టలో కారినలాంటి సంచిని మాత్రం ఈవిడ పొట్టలోకి పంపను. కారణం కనిపెట్టు."

తలూపాను.

7వ రోజు

కనిపెట్టాను. నా గొప్పేమీ లేదు.

ఆపరేషన్లో వాడే ఉప్పునీళ్ళ సీసాలను ఒంటి వేడికి తేవడానికి నా గదిలో ఒక వెచ్చటి పలక ఉంది. ఈరోజు పొద్దున పరీక్షకు ఒక సంచి నింపాను. చల్లటి నీళ్ళు అయిపోయి, వెచ్చటి సీసాలోవి పోశాను. కొక్కెం పలక పైనే ఉంది. అక్కడే వేలాడదీసి, కాగితం పరచి, పుస్తకం తీశాను. కథలో ఒకామె తన చెల్లెలికి ఉత్తరం రాస్తోంది. ఉత్తరం పొడుగుది. తలెత్తేసరికి నలభై నిమిషాలయింది.

కాగితం తడిసిపోయి ఉంది.

మొదట సంతోషించాను, తరువాత భయమేసింది. మిగిలినవాటిని కూడా వెచ్చటి నీళ్ళతో వరసగా వేలాడదీశాను. ఇరవై నిమిషాల దాకా అన్నీ పొడిగానే ఉన్నాయి. ముప్పై దాటాక ఒక్కొక్కటే కుట్టు దగ్గర చెమర్చింది. చంద్రుడి లాగుడు తక్కువ కాబట్టి ఇక్కడ నీటిబొట్టు తాపీగా పడుతుంది. పడేదాకా చూస్తూ కూర్చోవడం కష్టంగా ఉంది.

ఆస్పత్రి నియమాల పుస్తకంలోని నిమిషం పరీక్ష ప్లాస్టిక్ సంచికి రాసింది. ప్లాస్టిక్‌కు ఒక నిమిషమైనా ఒక గంటైనా ఒకటే. పట్టుకు కాదు. ఆపరేషన్‌లో సంచి పొట్టలో అరగంటకు పైగానే ఉంటుంది. మూడేళ్ళుగా ఈ మాట నాకు తట్టలేదు.

కానీ మొదటి రెండున్నరేళ్ళు సంచులు కారలేదు కదా. ఇప్పుడెందుకు?

కారిన నీళ్ళు కొంచెం మబ్బుగా ఉన్నాయి. వేళ్ళ మధ్య జిగురుగా తగిలాయి. వాసన చూశాను. అన్నం వండిన ఇంటి వాసన.

మా బడిలో సిస్టర్ ఒకసారి బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేసి చూపించారు. పిండి పదార్థం ఉంటే నీలమవుతుంది. ఆపరేషన్‌కు ముందు చర్మానికి రాసే అయోడిన్ నా అలమారులోనే ఉంది. ఒక చుక్క వేశాను.

నీళ్ళు సిరాలా నీలంగా మారాయి.

8వ రోజు

నాంచారమ్మత్త మగ్గం మల్బరీ గది చివర ఉంటుంది. పట్టుపురుగులు ఆకు తినే చప్పుడు వాన చప్పుడులా ఉంటుందని అంటారు. నేను వాన చూడలేదు. ఎవరైనా వాన అంటే నాకు గుర్తొచ్చేది పురుగులు ఆకు తినడమే.

అత్తకు అరవై దాటాయి. వాళ్ళ పెద్దలు చీరాల వైపు నేతగాళ్ళు. ఆ మాట తీరు ఇక్కడికి వచ్చాక కూడా ఆ ఇంట్లో పోలేదు.

"అత్తా, సంచి గుడ్డకు గంజి పెడుతున్నావా?"

"పెట్టక?" అంది, పోగు మీంచి చూపు తిప్పకుండా.

"ఎప్పటి నుంచి?"

"ఇదేం ప్రశ్న పిల్లా. నువ్వే గదా కబురు తెచ్చింది. సంచి తడిగుడ్డలాగా ముడుచుకుపోతంది, లోపల నోరు తెరవటంలా అని మీ డాక్టరమ్మ అందన్నావు. ఆర్నెల్లయింది. గంజి లేకండా గుడ్డ నిలబడిద్దా? మా అమ్మ పెట్టింది, వాళ్ళమ్మ పెట్టింది. అంతకుముందు నేను మాత్రం గంజి లేని గుడ్డ కుట్టి ఊరి మీదికి వదిలానే అని సిగ్గుగా ఉండేది నాకు."

"బియ్యం ఎక్కడివి?"

"నా వాటాలోయే. పొద్దున తాగే గంజి మానుకున్నా. ఊరిని అడిగానా ఏంది?"

ఆ మాట విన్నాక చెప్పడం ఇంకా కష్టమైంది. తెచ్చిన సీసాను మగ్గం పక్కన పెట్టాను. నీలం నీళ్ళు. జరిగింది చెప్పాను. గంజి పెట్టిన గుడ్డకు పట్టు జిగురు సరిగ్గా అంటుకోదు. అంటినట్టు కనిపిస్తుంది. సూది పోయిన బొక్కల్లో గంజే ఎండి కూర్చుంటుంది. చల్లటి నీళ్ళలో నిమిషం సేపు అది నిలబడుతుంది. ఒంటి వేడికి అరగంటలో కరిగిపోతుంది.

అత్త మగ్గం ఆపింది.

"బుచ్చిబాబు?"

"బాగున్నాడు. నిన్న పకోడీలు అడిగాడు. డాక్టరుగారు తిట్టారు."

"సిస్టరమ్మకు ఇయ్యేనా వాడేది?"

"ఇవి వాడరు."

"నీ దగ్గర ఎన్నున్నయ్యి?"

"పది. ఇవిగో, తెచ్చాను."

చెయ్యి చాచింది. ఇచ్చాను. కత్తెర తీసుకుని పదింటినీ అడ్డంగా కత్తిరించింది. ఒక్కోదాన్నీ కత్తిరించే ముందు కుట్టును బొటనవేలితో ఒకసారి తడిమింది. తరువాత గంజి పెట్టి పక్కన చుట్టి ఉంచిన గుడ్డను కూడా ముక్కలు చేసింది. అది నెల రోజుల పని.

"ఇట్టా అయిద్దని నాకెవురు చెప్పారు" అంది. నన్ను కాదు, కత్తెరను చూస్తూ.

"నాకు కూడా ఎవరూ చెప్పలేదత్తా. పాస్ చేసింది నేనే."

"పాసూ లేదు, గీసూ లేదు. గంజి లేకండా నోరెట్టా తెరుచుకుంటదో అది చెప్పు ముందు. మళ్ళీ ముడుచుకుపోయిందంటే ఆ గడ్డను ఏడ ఏస్తారు?"

ఆవిడ పురుగుల గది వైపు చూసింది. అప్పుడు లేచి, ఇంకా ఉడకబెట్టని పట్టు పోగుల చుట్ట, చిలప ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. గరుగ్గా, చీపురు పుల్లల్లా బిరుసుగా ఉంది.

"పచ్చి పట్టు. దాని జిగురు దాంట్లోనే ఉండిద్ది. ఉడకబెడితేనే మెత్తబడేది. మూతి వరకు పచ్చిది నేసి, అడుగంతా ఉడికింది నేస్తా. గంజితో పన్లేదు. పురుగు పెట్టిన గంజి అది."

"పద్నాలుగో రోజుకు అవుతుందా?"

"నువ్విట్టా నిలబడి అడుగుతుంటే అవ్వదు. ఆ పోగు కండెలకు చుట్టు."

సాయంత్రం డాక్టరుగారికి అంతా చెప్పాను. దారిలో వాక్యాలు తయారు చేసుకున్నాను గానీ, అక్కడికి వెళ్ళాక మొదటిదే గుర్తుంది: "ఆ సంచులు పాస్ చేసింది నేనండి."

"పాస్ చేసింది నువ్వు, కుట్టింది ఆవిడ, భలేగా విచ్చుకుంటున్నాయని మెచ్చుకున్నది నేను" అన్నారు. "ముగ్గురం కలిసే చేశాం. ఆ నిమిషం పరీక్ష కొట్టేసి, వెచ్చటి నీళ్ళు, నలభై నిమిషాలు అని రాయి. సిస్టర్‌కు నేనే చెబుతాను."

చెప్పారట. సిస్టర్ విని, "అయోడిన్ వాడిందా? అయితే క్లాసులో నిద్రపోలేదన్నమాట" అన్నారట.

10వ రోజు

పొద్దున ఆస్పత్రి, సాయంత్రం మగ్గం.

అత్త పని చేస్తున్నప్పుడు మాట్లాడదు. నేనూ మాట్లాడను. అలా ఇద్దరం మాట్లాడకుండా గంటలు గడపడం హాయిగా ఉంది. కండెలు చుట్టడం నాకు వచ్చేసింది. ఉడికిన పట్టు వేళ్ళ మీంచి జారిపోతుంది, పచ్చి పట్టు గీరుకుపోతుంది.

పచ్చి పట్టు తక్కువగా ఉంది. రెండు సంచులకే సరిపోయింది. రెండూ కుట్టింది. ఇప్పుడు జిగురు పూత ఆరాలి. రెండు పూతలు. ఒక్కోదానికి ఒక రోజు.

దీపం పెడితే తొందరగా ఆరుతుందేమో అన్నాను.

"తొందరగా ఆరిన జిగురు పగిలిద్ది. ఇంటికి పో" అంది.

12వ రోజు

రెండు సంచులు. వెచ్చటి నీళ్ళు. అత్త కూడా వచ్చింది. ఆస్పత్రిలోకి రావడం ఆవిడకు ఇష్టం ఉండదు. గది మూలన స్టూలు మీద, చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంది.

ఇరవై నిమిషాలు. రెండూ పొడి.

ఇరవై ఆరో నిమిషంలో మొదటి సంచి మూల దగ్గర, తీగ కలిసే చోట, ఒక బొట్టు కట్టింది. చాలాసేపు అక్కడే వేలాడింది. తరువాత పడింది.

నేను ఆ సంచిని దింపి పక్కన పెట్టాను.

రెండోది నలభై నిమిషాలు నిలిచింది. యాభై నిలిచింది. గంటకు దింపాను. కాగితాన్ని దీపానికి పట్టి చూశాను, బుగ్గకు ఆనించి చూశాను. పొడి.

ఒక్కటే ఉంది. దీన్ని ఆరబెట్టి, క్రిములను చంపే శుద్ధి పెట్టెలో పెట్టి, ఎల్లుండికి సిద్ధం చెయ్యాలి. ఇది చేతిలోంచి జారినా, గొట్టంలో చిక్కుకున్నా, ఇంకొకటి లేదు.

"భయమేస్తాందా" అంది అత్త.

"అవును."

"నాక్కూడా. ఆ బల్ల మీద పెట్టి, ఇద్దరం దూరంగా కూకుందాం."

14వ రోజు

వెలుగుకు ఇది చివరి రోజు.

సంచిని నేనే చుట్టి గొట్టంలో పెట్టి, ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళాను. నేను లోపలికి వెళ్ళడం ఇది మూడోసారి. సిస్టర్ నిద్రలో ఉన్నారు. కళ్ళద్దాలు లేకుండా ఆవిడ ముఖం ఎవరిదోలా ఉంది. పొట్టలోకి గాలి నింపి పైకెత్తారు. కెమెరా తెర మీద లోపలంతా గులాబీ రంగులో, తడిగా, మెరుస్తూ ఉంది. గడ్డ తెల్లగా ఉంది. పలచటి చర్మం కింద నీళ్ళు కదులుతున్నాయి.

డాక్టరుగారు దాన్ని మొదలంటా వేరు చెయ్యడానికి ఒక గంట పట్టింది. అప్పుడు "సంచి" అన్నారు. గొట్టం అందించాను.

తెర మీద చుట్ట బయటికి వచ్చింది. ఒక క్షణం అలాగే ముడుచుకుని ఉంది. అప్పుడు మూతి దగ్గరి పచ్చి పట్టు మెల్లగా సాగి, గుండ్రంగా, ఎవరో లోపలి నుంచి ఊదినట్టు విచ్చుకుంది.

"భేష్" అన్నారు డాక్టరుగారు. "టైము చూడు."

గడ్డను పట్టుకోకుండా, కిందినుంచి తోస్తూ సంచిలోకి దించారు. తాడు బిగించారు. మూతిని బొడ్డు రంధ్రంలోంచి బయటికి లాగారు. సంచి మూతి బయట, గడ్డ ఇంకా లోపల. అంత పెద్దది అంత చిన్న దారిలో రాదు. సంచి లోపలే దాన్ని గుచ్చి, నీటిని పీల్చి, చిన్నది చెయ్యాలి. ఆ నీరే ప్రమాదం. అది పొట్టలో పడకుండా అడ్డు ఉన్నది ఆ ఒక్క పొర పట్టు.

పది నిమిషాలు. పదిహేను. నీరు చిక్కగా ఉంది, పీల్చే గొట్టం రెండుసార్లు మూసుకుపోయింది. ఇరవై ఆరు. నేను నిమిషాలు పైకి చదువుతున్నానని నాకే తెలియలేదు. ఎవరూ ఆపలేదు. ముప్పై ఒకటి. డాక్టరుగారు సంచిని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లాగారు.

ముప్పై నాలుగో నిమిషంలో బయటికి వచ్చింది.

చివర్లో లోపలంతా ఉప్పునీళ్ళతో కడిగి, ఆ నీళ్ళను ఒక సీసాలో పట్టారు. అందులో గడ్డ కణాలు ఉన్నాయో లేదో సూక్ష్మదర్శినిలో చూస్తే గానీ తెలియదు. అది తెలిసేదాకా ఎవరూ ఏమీ అనకూడదని డాక్టరుగారి నియమం.

బయట బెంచీ మీద అత్త ఉంది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదట. పక్కన కూర్చున్నాను.

"తెరుచుకుందా?"

"తెరుచుకుంది."

"చిరిగిందా?"

"లేదు. నీళ్ళ సంగతి రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది."

"నూలు పోగో, పట్టు పోగో, నిలబడిద్దో లేదో నేసేటప్పుడే తెలిసిపోద్ది" అంది. కొంగు సర్దుకుని, "ఇది తెలియటంలా" అంది.

చీకటి, 3వ రోజు

దీపాలు తగ్గించారు. నడవాలో చలిగా ఉంది. డాక్టరుగారు ఒక కాగితం పట్టుకుని కిటికీ దగ్గరకు వచ్చారు.

"గడ్డ చెడ్డదే. గోడ దాటలేదు. కడిగిన నీళ్ళు నాలుగుసార్లు చూశాను. ఏమీ లేదు."

"అంటే?"

"అంటే అయిపోయింది. ఇక ఏ మందూ అక్కర్లేదు. ఆవిడకు వెళ్ళి చెప్పు."

"నేనా?"

"నేను మల్బరీ గదికి వెళుతున్నాను. అక్కడ ఇంకో మనిషికి చెప్పాలి. రెండు చోట్లా నేనే ఉండలేను కదా."

వార్డులో ఐదు మంచాలు. బుచ్చిబాబు ఇంకా వెళ్ళలేదు, పథ్యం పాటించలేదని ఉంచేశారు. సిస్టర్ దిండుకు ఆనుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నారు. నన్ను చూడగానే పుస్తకం మూసేశారు. వేలు పేజీలోనే ఉంచారు. మూడు రోజులుగా అదే పేజీ. ఆవిడ భయపడగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

మంచం పక్కన నిలబడి చెప్పాను. గడ్డ మొత్తం వచ్చేసిందని, లోపల ఒక్క చుక్క కూడా పడలేదని, ఇక ఏమీ అక్కర్లేదని.

సిస్టర్ కళ్ళద్దాలు తీసి, దుప్పటి అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఫిలోమినా, నాకు ఒక్కదానికే వినిపించింది. ఇది రహస్యమా?"

"కాదు సిస్టర్."

"అయితే వీళ్ళంతా మూడు రోజులుగా నా వంక జాలిగా చూస్తున్నారు. వీళ్ళకు కూడా చెప్పు."

వెనక్కి తిరిగాను. నలుగురు నా వైపే చూస్తున్నారు. బుచ్చిబాబు నోట్లో ఏదో నములుతున్నవాడు ఆపేశాడు. ఇరవై మూడేళ్ళలో ఒక గదిని ఉద్దేశించి నేనెప్పుడూ మాట్లాడలేదు.

"సిస్టర్‌కు నయమైపోయింది" అన్నాను. వార్డు చివరి మంచం దాకా వినపడేలా.